పాత ఎస్‌ఎంపీఎస్ నుంచి ఫెర్రైట్ కోర్: ఏది తీయాలి, ఎలా తీయాలి, ఎన్ని చుట్లు చుట్టాలి

కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (లైను కరెంటును కంప్యూటర్‌కు తగ్గ వోల్టేజిగా మార్చే పెట్టె) పోయిందంటే దానిలో ట్రాన్సిస్టర్లు పేలి ఉంటాయి, లేదా కెపాసిటర్లు ఉబ్బి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ తీగ చుట్ల మధ్య ఉండే నల్లటి దిమ్మె, అంటే ఫెర్రైట్ కోర్‌కు, అరుగుదల లేదు. పగలకుండా ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత కూడా కొత్తదానిలాగే పనిచేస్తుంది. నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పాత సామాన్ల దుకాణంలో కాంటా మీద తూచి అమ్మే డబ్బాల్లో ఇలాంటివి పదులకొద్దీ దొరుకుతాయి. ఆంప్లిఫయర్ సప్లై లాంటివాటికి ట్రాన్స్‌ఫార్మర్ సొంతంగా చుట్టుకోవాలంటే, విడి కోర్ కోసం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దాకా పోవాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

అయితే కోర్ పెద్దగా ఉంది కదా అని తెచ్చి చుట్టేస్తే మాస్‌ఫెట్లు (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ట్రాన్సిస్టర్లు) పేలతాయి. పరిమాణం కన్నా ముందు తేల్చుకోవాల్సినవి రెండు. కోర్ మధ్య కాలులో గ్యాప్, అంటే రెండు ముక్కలు తాకకుండా వదిలిన సన్నని సందు, ఉందా? అది ఏ రకం పదార్థం? ఈ రెండూ తేలాకే మధ్య కాలు అడ్డుకోత వైశాల్యం, వాట్లు, చుట్లు.

ఏ డబ్బాలో ఏముంటుంది

పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే భాగం) లేని పాత రకం కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ అన్నిటికన్నా మంచి సరుకు. టీఎల్ 494 లేదా కేఏ 7500 ఐసీ, 13007 లేదా 13009 ట్రాన్సిస్టర్ల జత, వరసగా రెండు 200 వోల్టుల పెద్ద కెపాసిటర్లు కనిపిస్తే అది హాఫ్‌బ్రిడ్జ్, అంటే రెండు ట్రాన్సిస్టర్లు వంతులవారీగా ట్రాన్స్‌ఫార్మర్‌ను నడిపే రకం. అందులో మూడు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పెద్దది మెయిన్, సాధారణంగా ఈఐ-33 లేదా ఈఆర్ఎల్-35 సైజు, గ్యాప్ ఉండదు. మనకు కావలసింది ఇదే. చిన్నవాటిలో ఒకటి డ్రైవర్, దాన్ని గేట్ డ్రైవ్ (మాస్‌ఫెట్లకు ఆన్, ఆఫ్ సంకేతం అందించే) ట్రాన్స్‌ఫార్మర్‌గా తిరిగి చుట్టుకోవచ్చు. మూడోది స్టాండ్‌బై, ఫ్లైబ్యాక్ రకం (శక్తిని కోర్‌లో నిలిపి, తర్వాత వదిలేది) కాబట్టి దానిలో గ్యాప్ ఉంటుంది.

అదే బోర్డులో పసుపు రంగు రింగు, ఒక ముఖం తెలుపు, మీద రాగి తీగలు గుత్తిగా చుట్టి కనిపిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు మొదట దాన్నే తీస్తారు. అది ఇనుప పొడితో చేసిన కోర్, అవుట్‌పుట్ చోక్ కోసం. దాని పర్మియబిలిటీ (అయస్కాంత ఫ్లక్స్‌ను ఎంత సులభంగా మోస్తుందో చెప్పే అంకె) 75 మాత్రమే, పవర్ ఫెర్రైట్‌ది 2000 పైన. దానిమీద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టితే లోడ్ లేకుండానే కాలిపోయేంత వేడెక్కుతుంది. పారేయకండి, చోక్‌గానే వాడుకోండి. కరెంటు వైర్ వచ్చే చోట ఫిల్టర్‌లో ఉండే రింగులు అధిక పర్మియబిలిటీ ఫెర్రైట్. అవి కూడా పవర్‌కు పనికిరావు, గేట్ డ్రైవ్‌కు మాత్రం చక్కగా సరిపోతాయి.

డబ్బా టీవీలో రెండు కోర్లు ఉంటాయి. టీవీ సప్లైలోని చాపర్ ట్రాన్స్‌ఫార్మర్ ఫ్లైబ్యాక్ రకం, గ్యాప్ ఉంటుంది. పిక్చర్ ట్యూబ్‌కు హై వోల్టేజి ఇచ్చే ఎల్‌ఓటీకి యూ ఆకారపు కోర్ రెండు ముక్కలుగా వస్తుంది. దాని గ్యాప్ కాలు అరగదీసి చేసింది కాదు, ముక్కల మధ్య పెట్టిన పలుచని బిళ్లలతో వచ్చింది. ఆ బిళ్లలు తీసేస్తే గ్యాప్ పోయినట్టే. కాలు వ్యాసం 15 మి.మీ. ఉంటే వైశాల్యం 177 చదరపు మి.మీ., చిన్నదేం కాదు. టీవీలో ఇది 15,625 హెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది కాబట్టి 25 నుంచి 40 కిలోహెర్ట్జ్ లోపు వాడితే మంచిది. బాబిన్ (తీగ చుట్టే గొట్టం) మాత్రం అట్టతో మనమే చేసుకోవాలి. పిక్చర్ ట్యూబ్ మెడ మీది యోక్ రింగును వదిలేయండి. కోన్ ఆకారం, ట్యూబ్ మెడ విరిగే ప్రమాదం, రెండిటికీ దానివల్ల వచ్చే లాభం చాలదు.

సీఎఫ్‌ఎల్ బల్బుల్లోని చోక్, మొబైల్ ఛార్జర్ల కోర్ ఈఈ-13, ఈఈ-16 సైజుల్లో ఉంటాయి. అయిదు పది వాట్ల పనికి చాలు. ఇన్వర్టర్, స్టెబిలైజర్ ట్రాన్స్‌ఫార్మర్లలో ఉండేవి ఇనుప రేకులు, 50 హెర్ట్జ్ కోసం. అవి ఈ లెక్కలోకి రావు.

ఒక జాగ్రత్త. రాగి కోసం ట్రాన్స్‌ఫార్మర్లను మంటల్లో కాల్చే చోట దొరికే కోర్లు కొనొద్దు. మంటలో ఎర్రగా కాలి ఒక్కసారిగా చల్లారిన ఫెర్రైట్‌లో కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయి.

బోర్డు నుంచి విడదీయడం

ముందు పెద్ద కెపాసిటర్లు ఖాళీ చేయాలి. ప్లగ్ పీకిన తర్వాత కూడా వాటిలో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. 2.2 కిలో ఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు ఇన్సులేటెడ్ క్లిప్పులు కట్టి పది సెకన్లు పట్టుకోండి, ఆ తర్వాత మల్టీమీటర్‌తో చూడండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు ఉంటే మానేయండి, కెపాసిటర్ కాలు ఎగిరి కంట్లో పడుతుంది. డబ్బా టీవీ అయితే దీనికి ముందే ట్యూబ్ మీది రబ్బరు క్యాప్ కింద ఉన్న ఈహెచ్‌టీని (వేల వోల్టుల కరెంటును) ట్యూబ్ చుట్టూ ఉండే ఎర్త్ జడకు డిశ్చార్జ్ చేయాలి. ఒకసారి చేశాక కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చేయండి.

60 వాట్ల ఐరన్ వాడండి. పాత టంకం మీద కొంచెం కొత్త టంకం కరిగించి కలిపితే పంపు సులభంగా పీల్చుకుంటుంది. పిన్ను వేడి కాకముందే లాగితే బాబిన్ నుంచి ఊడి వస్తుంది, ఆ బాబిన్ ఇక దండగ.

కోర్‌ను బాబిన్ నుంచి తీయడం

ఎక్కువ కోర్లు విరిగేది ఇక్కడే. ఫెర్రైట్ పింగాణీ లాంటిది. నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే విరుగుతుంది. స్క్రూడ్రైవర్ మొన సందులో దూర్చి తిప్పితే కాలు పుటుక్కున తెగుతుంది.

ముందు చుట్టూ ఉన్న పసుపు టేపు, దాని కింద రాగి పట్టీ ఉంటే అదీ తీసేయండి. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్‌ను చల్లని నీళ్లలో వేసి, నీళ్లతో పాటే కాగనివ్వండి. మరిగే నీళ్లలో నేరుగా వేస్తే పగులుతుంది. మరగడం మొదలయ్యాక 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ఇంట్లో వంట గిన్నె వాడొద్దు, ఆ వార్నిష్ గిన్నెను వదలదు. ఒక్కొక్కదాన్నే బయటికి తీసి, మందపాటి గుడ్డతో పట్టుకుని, రెండు ముక్కలను అతుకు వెంట పక్కకు జరపండి. ఎడంగా లాగడం కాదు, జరపడం. ఈఐ కోర్ అయితే పైనున్న ఐ కడ్డీని ఇలాగే పక్కకు నెట్టాలి. కదలకపోతే బలం పెంచొద్దు, మళ్లీ నీళ్లలో వేయండి. చల్లబడితే జిగురు మళ్లీ బిగుసుకుంటుంది కాబట్టి అర నిమిషంలో పని కావాలి.

మూడుసార్లు మరిగించినా రాకపోతే అది ఎపాక్సీ. మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో థిన్నర్ పోసి ఒకటి రెండు రోజులు నానబెట్టండి, ఆరుబయట, నిప్పుకు దూరంగా. హాట్ ఎయిర్ గన్ ఉంటే 150 డిగ్రీల దగ్గర చుట్టూ తిప్పుతూ నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా వేడి చేయొచ్చు. నల్లటి గట్టి బాబిన్లు దీన్ని తట్టుకుంటాయి, తెల్ల ప్లాస్టిక్‌వి మెత్తబడి వంకరపోతాయి. వేడి వల్ల ఫెర్రైట్ గుణం పోతుందని భయం అక్కర్లేదు. చల్లారితే తిరిగి వస్తుంది. చల్లార్చడం మాత్రం దానంతట అదే జరగాలి, నీళ్లు చల్లకూడదు. ఉడికిన బాబిన్‌ను ఒక రోజు ఎండలో ఆరబెట్టండి, మన ఎండకు అది చాలు.

పాత వైండింగ్ విప్పేటప్పుడు ప్రైమరీ (కరెంటు లోపలికి వచ్చే వైపు) చుట్లు లెక్కపెట్టి రాసుకోండి. చాలామంది కత్తిరించి పారేస్తారు. హాఫ్‌బ్రిడ్జ్ మెయిన్‌లో ప్రైమరీ రెండు సగాలుగా ఉంటుంది. ఒక సగం అడుగున, సెకండరీ (బయటికి ఇచ్చే వైపు) మధ్యలో, మిగతా సగం పైన. రెండూ కలిపి 40 అటూఇటూ వస్తాయి. తయారుచేసినవాడి లెక్క మన చేతికి ఉచితంగా వచ్చినట్టు. మన లెక్క దానికి ఆమడ దూరంలో ఉంటే ఎక్కడో తప్పు చేశామని అర్థం.

పరీక్షలు

ముందు చెవితో. కోర్‌ను దారంతో వేలాడదీసి చిన్న స్పూన్‌తో తట్టండి. మంచిదైతే పింగాణీ కప్పులా మోగుతుంది. పగులు ఉంటే డబ్‌మని మొద్దు శబ్దం. బయటి మూలల్లో చిన్న పెచ్చు ఊడితే నష్టం లేదు, అతుకు ముఖాల మీద ఊడితే ఉంది. కాలు శుభ్రంగా రెండుగా విరిగితే సూపర్ గ్లూతో అతికించొచ్చు గానీ అక్కడ సన్నని గ్యాప్ తయారవుతుంది. అలాంటిదాన్ని ఫ్లైబ్యాక్‌కు ఉంచుకోండి.

తర్వాత కంటితో. రెండు ముక్కలు కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టండి. బయటి కాళ్లు ఆనుకుని, మధ్య కాళ్ల నడుమ వెలుగు కనిపిస్తే గ్యాప్ ఉన్నట్టు. ఎంతో కొలవాలంటే మెకానిక్‌ల దగ్గరుండే ఫీలర్ గేజీ చాలు.

పదార్థం కోసం మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి ప్రోబులు కోర్ మీద గట్టిగా ఆనించండి. పూత లేని చోట కొన్ని కిలో ఓమ్‌ల నుంచి కొన్ని వందల కిలో ఓమ్‌ల దాకా చూపిస్తే మాంగనీస్-జింక్ రకం. మనకు కావలసిన పవర్ ఫెర్రైట్ ఈ జాతిదే. అసలేమీ చూపకపోతే నికెల్-జింక్ కావచ్చు, పక్కన పెట్టండి.

అన్నిటికన్నా నమ్మదగింది ఎల్‌సీ మీటర్ పరీక్ష. బాబిన్ మీద సరిగ్గా 10 చుట్లు చుట్టి, కోర్ బిగించి ఇండక్టెన్స్ చూడండి. గ్యాప్ లేని ఈఐ-33 పవర్ ఫెర్రైట్‌కు 300 నుంచి 450 మైక్రోహెన్రీలు రావాలి. 200 దగ్గర ఆగితే అతుకు ముఖాల మీద జిగురు మిగిలి ఉంది, అసిటోన్‌తో తుడిచి మళ్లీ చూడండి. పదుల్లో వస్తే గ్యాప్ ఉంది. వెయ్యి దాటితే అధిక పర్మియబిలిటీ రకం, ఫిల్టర్‌కే.

ఆసిలోస్కోప్ ఉన్నవాళ్లు ఇంకో మెట్టు ఎక్కొచ్చు. అవే 10 చుట్లకు మాస్‌ఫెట్ ద్వారా 12 వోల్టుల పల్సు ఇచ్చి, వరసలో 0.1 ఓమ్ రెసిస్టర్ మీద కరెంటు చూడండి. గీత నిటారుగా పైకి లేచే క్షణమే కోర్ నిండిపోయిన (ఇక ఫ్లక్స్ మోయలేని) క్షణం. చల్లగా ఉన్న ఈఐ-33 గ్యాప్ లేకుండా సుమారు 35 నుంచి 45 మైక్రోసెకన్ల మధ్య నిండుతుంది. 20 లోపే లేస్తే అది వైశాల్యం తక్కువ కోరో, వేరే పదార్థమో.

గ్యాప్ ఉన్న కోర్‌ను అరగదీసి గ్యాప్ లేకుండా చేయొచ్చు. మందపాటి గాజు పలక మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, నీళ్లు చల్లుతూ, కోర్‌ను నిటారుగా పట్టి 8 అంకె రాసినట్టు తిప్పండి. ఇరవై తిప్పులకోసారి కోర్ దిశ మార్చాలి, లేకపోతే ఒక పక్క పల్లంగా అరుగుతుంది. మధ్య కాలు కాగితాన్ని తాకడం మొదలయ్యాక 1000 నంబరుకు మారండి. మొత్తం గ్యాప్ అర మి.మీ. దాకా ఉంటే ఓపిక పట్టొచ్చు. మి.మీ. దాటితే మానేసి వేరే డబ్బా వెతుక్కోవడం మేలు.

వైశాల్యం, వాట్లు

మధ్య కాలు కొలతలు వెర్నియర్‌తో తీసుకోండి. చతురస్రమో దీర్ఘచతురస్రమో అయితే వెడల్పు, మందం గుణించాలి. గుండ్రమైతే వ్యాసం వర్గాన్ని 0.785తో గుణించాలి. తెలిసిన సైజులకు ఇవి గుర్తుంచుకుంటే చాలు: ఈఐ-33కు 118 చదరపు మి.మీ., ఈటీడీ-39కి 125, ఈఈ-42/15కు 178, ఈటీడీ-49కి 211, ఈఈ-42/20కి 233, ఈఈ-55/21కి 353.

50 కిలోహెర్ట్జ్ హాఫ్‌బ్రిడ్జ్‌లో, ఫ్యాన్ లేకుండా, ఈఐ-33 నుంచి 200 వాట్లు ధైర్యంగా తీయొచ్చు. ఈటీడీ-39 నుంచి 300, ఈఈ-42/20 నుంచి 500. ఇంటర్నెట్‌లో ఇంతకు రెండింతల అంకెలు కనిపిస్తాయి. అవి ఫ్యాన్ గాలిలో, 25 డిగ్రీల గదిలో. మే నెలలో నల్గొండలో బయటే 45 డిగ్రీలు ఉన్నప్పుడు రేకుల గదిలో ఆంప్లిఫయర్ పెట్టెలోపల ఎంత ఉంటుందో ఊహించుకోండి. మామూలు పవర్ ఫెర్రైట్‌లో నష్టం 80 నుంచి 100 డిగ్రీల మధ్య అతి తక్కువ. అది దాటితే నష్టం పెరుగుతుంది, నష్టంతో వేడి, వేడితో మళ్లీ నష్టం. పైగా 25 డిగ్రీల దగ్గర 0.51 టెస్లా ఫ్లక్స్ సాంద్రత మోసే కోర్ 100 డిగ్రీల దగ్గర 0.39 మాత్రమే మోస్తుంది. అందుకే చుట్టూ ఉన్న గాలి కన్నా కోర్ 40 డిగ్రీలకు మించి వేడెక్కకుండా లెక్క వేసుకోవాలి.

చుట్ల లెక్క

చుట్లు = వోల్టేజి ÷ (4 × ఫ్రీక్వెన్సీ × ఫ్లక్స్ సాంద్రత × వైశాల్యం)

వైశాల్యం చదరపు మీటర్లలో వేయాలి, 118 చదరపు మి.మీ. అంటే 0.000118. ఫ్లక్స్ సాంద్రత 0.16 టెస్లా తీసుకోండి. హాఫ్‌బ్రిడ్జ్‌లో ప్రైమరీకి అందేది డీసీలో సగం. 230 వోల్టుల ఏసీకి డీసీ 325, సగం 162. చాలామంది ఈ 162తోనే లెక్క కట్టి 43 చుట్లు చుట్టేస్తారు.

మన ఊళ్లలో లైను 230 దగ్గర నిలవదు. బోరు మోటార్లన్నీ నడుస్తుంటే 180కి దిగుతుంది, అన్నీ ఆగితే 250 దాటుతుంది. ఎక్కువ వోల్టేజి దగ్గరే కోర్ నిండుతుంది కాబట్టి 260తో లెక్క కట్టాలి. డీసీ 368, సగం 184. 50 కిలోహెర్ట్జ్, ఈఐ-33: 184 ÷ (4 × 50,000 × 0.16 × 0.000118) = 48.7. ప్రైమరీ 50 చుట్లు చుట్టండి.

వినాయక చవితి, బోనాల సౌండ్ సెట్లకు వాడే ఆంప్లిఫయర్‌కు ప్లస్, మైనస్ 35 వోల్టులు కావాలనుకుందాం. 230 దగ్గర ఒక చుట్టుకు 162 ÷ 50 = 3.24 వోల్టులు. డయోడ్‌కు ఒక వోల్టు కలిపితే 36, దాన్ని 3.24తో భాగిస్తే 11. అంటే సెకండరీ 11 + 11. లైను 260కి పోతే ఇదే 40 వోల్టులు అవుతుంది, కాబట్టి అవుట్‌పుట్ కెపాసిటర్లు 63 వోల్టులవి వేయండి. లైను 180కి దిగితే 27కి పడుతుంది. ఆంప్లిఫయర్ శబ్దం తగ్గుతుందే గానీ చెడిపోదు.

తీగ విషయం. హై ఫ్రీక్వెన్సీలో కరెంటు తీగ పైపొరలోనే పారుతుంది, 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ పొర లోతు 0.3 మి.మీ. అందుకే 0.6 మి.మీ. కన్నా లావు తీగ ఒంటిగా వాడితే రాగి దండగ. 200 వాట్లకు ప్రైమరీ కరెంటు 1.4 ఆంపియర్లు. 26 గేజి తీగ, అంటే 0.46 మి.మీ., రెండు పోగులు చాలు. సెకండరీకి అదే తీగ నాలుగు పోగులు. మోటార్ వైండింగ్ దుకాణాల్లో గేజి చెప్పి వంద గ్రాములు అడిగితే ఇస్తారు. మోనోబ్లాక్ మోటార్లకు వాడే ఎనామిల్ తీగ అడగండి. నీళ్లలో ఉండే సబ్‌మర్సిబుల్ మోటార్ల తీగకు మందపాటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అది బాబిన్‌లో పట్టదు. మొత్తం రాగి బాబిన్ కిటికీలో మూడో వంతు దాటకూడదు, మిగతాది టేపు, ఖాళీలు తినేస్తాయి.

చుట్టడం

ప్రైమరీ 25 చుట్లు అడుగున, మూడు పొరల పసుపు పాలియెస్టర్ టేపు, సెకండరీ, మళ్లీ మూడు పొరల టేపు, పైన మిగతా 25 చుట్లు. అన్నీ ఒకే దిశలో తిరగాలి. బాబిన్ రెండు అంచుల్లో 3 మి.మీ. ఖాళీ వదిలి టేపుతో నింపండి. ప్రైమరీకి, సెకండరీకి మధ్య పక్కదారిలో దూరం ఉండాల్సింది అక్కడే. ఆ ఖాళీ వదలని ట్రాన్స్‌ఫార్మర్ బాగానే పనిచేస్తుంది, ఒకనాడు ఆంప్లిఫయర్ పెట్టె ముట్టుకున్నవాడికి షాక్ కొట్టేదాకా. సెకండరీ రెండు సగాలను ఎనిమిది పోగులు ఒకేసారి పట్టి చుట్టి, ఆ తర్వాత నాలుగేసి విడదీస్తే రెండు పక్కలా వోల్టేజి సమానంగా వస్తుంది. మధ్యలో రాగి రేకు తెర వేస్తే దాని రెండు కొసలు ఒకదాన్నొకటి తాకకూడదు, తాకితే అది షార్టయిన ఒక చుట్టు.

అతుకు ముఖాలు అసిటోన్‌తో తుడిచి, వేలు తగలకుండా కలిపి, టేపుతో బిగించండి. జిగురు చుక్క బయటి కాళ్ల పక్కన వేయాలి, ముఖాల మధ్య వేయకూడదు.

కరెంటు ఇచ్చే ముందు మోటార్ వైండింగ్ దుకాణంలో ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రైమరీకి, సెకండరీకి మధ్య, తర్వాత ఒక్కోదానికీ కోర్‌కూ మధ్య చూపించండి. వంద మెగా ఓమ్‌ల లోపు చూపితే విప్పి మళ్లీ చుట్టాల్సిందే. ప్రైమరీతో వరసలో 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటర్ ఉండాలి. పక్కవాటు డీసీ కోర్‌ను ఒకవైపు నెట్టకుండా ఆపేది అదే.

మొదటిసారి 100 వాట్ల సీరీస్ బల్బుతో ఇవ్వండి. ఒక్కసారి వెలిగి ఆరిపోతే బాగుంది, ఆరిన క్షణం కెపాసిటర్లు నిండిన క్షణం. వెలుగుతూనే ఉంటే షార్టు, లేదా చుట్లు తక్కువ. లోడ్ లేకుండా అరగంట ఉంచి, కరెంటు ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేశాక కోర్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే సరి. చెయ్యి పెట్టలేనంత వేడి అయితే కోర్ పదార్థం తప్పు, లేదా ఫ్రీక్వెన్సీ అనుకున్నదానికన్నా తక్కువ. తీగ వేడెక్కి కోర్ చల్లగా ఉంటే షార్టయిన చుట్టు వెతకండి. సన్నగా కూత పెడితే కోర్ ముక్కలు వదులుగా ఉన్నాయి, లేదా ఫీడ్‌బ్యాక్ ఊగుతోంది.

12 వోల్టుల బ్యాటరీ నుంచి అయితే

ఆటోల మీద మైకు సెట్లకు పుష్‌పుల్ (ప్రైమరీ రెండు సగాలను రెండు మాస్‌ఫెట్లు వంతులవారీగా నడిపే రకం) చేసేవాళ్లు ఇదే ఈఐ-33కి, ఛార్జింగ్‌లో 14.4 వోల్టుల లెక్కన, ప్రతి సగానికి 4 చుట్లు చుట్టాలి. 200 వాట్లకు 18 ఆంపియర్లు దాటుతుంది కాబట్టి సన్నని పోగులు పదీ పన్నెండు కలిపి, లేదా రాగి రేకుతో చుట్టండి. పుష్‌పుల్‌లో వరస కెపాసిటర్ పెట్టలేం. రెండు సగాలూ అచ్చం ఒకేలా ఉండాలి, లేకపోతే ఒక మాస్‌ఫెట్ మాత్రమే వేడెక్కి ముందు పోతుంది.

గ్యాప్ ఉన్నవి మిగిలితే

స్ప్రేయర్ బ్యాటరీ ఛార్జర్ లాంటి ఫ్లైబ్యాక్‌లకు అవే సరైనవి, అరగదీయొద్దు. 10 చుట్ల ఇండక్టెన్స్‌ను 100తో భాగిస్తే ఒక చుట్టు విలువ వస్తుంది. 125 చదరపు మి.మీ. కోర్‌కు అది 0.25 మైక్రోహెన్రీ అనుకుంటే, 40 చుట్లకు 0.4 మిల్లీహెన్రీ. ఫ్లక్స్ 0.25 టెస్లా దాటకూడదంటే పీక్ కరెంటు 3.1 ఆంపియర్లలోపు ఆపాలి. 50 కిలోహెర్ట్జ్ దగ్గర అది సుమారు 95 వాట్లు. కరెంటు లిమిట్ రెసిస్టర్ విలువ ఈ అంకె నుంచే తీయండి, ఇంటర్నెట్‌లో దొరికిన సర్క్యూట్ నుంచి కాదు. ఆ సర్క్యూట్ గీసినవాడి కోర్‌లో గ్యాప్ వేరు.